చెవికి చేరని ఆరోగ్యబోధ

రేడియోలో ఆరోగ్యమును గూర్చిన ప్రసంగము లేని వారము ఉండదు. మలేరియా దోమ ఎచ్చట పెరుగునో, గర్భిణి ఏమి తినవలెనో, పసిబిడ్డకు ఏ నెలలో ఏ టీకా వేయింపవలెనో వైద్యులు వచ్చి మైక్రోఫోను ముందు కూర్చుండి చెప్పుదురు. మేము ప్రసారము చేయుదుము. గృహిణి వంటయింట పని చేసికొనుచునే వినును. వృద్ధుడు వసారాలో పడకకుర్చీమీద వాలి వినును. మా పని నెరవేరినదని మేము తృప్తిపడుదుము. కాని ఆ యింటనే, ఆ రేడియోకు రెండు మూరల దూరమున కూర్చుండియు, ఒక్క మాటయైన అందని వ్యక్తి యొకడు ఉండవచ్చును. అతడు పుట్టుకతోనే బధిరుడు. అతనికి రేడియో పెట్టె బీరువావంటిదే, బల్లవంటిదే. ఇంటివారు తలలూపుచు వినుట అతడు చూచును. ఏమి వినుచున్నారో ఎరుగడు. అడిగినచో "తరువాత చెప్పుదుములే" అన్నట్లు చేయి ఊపుదురు. ఆ తరువాత అనునది చాల యిండ్లలో రానేరాదు.

శబ్దమే సాధనముగా గల మేము శబ్దము చేరనివారిని గూర్చి వ్రాయుట కొందరికి విడ్డూరముగా తోపవచ్చును. కాని మా గొంతు ఎంతదూరము పోవునో ఎరిగినవారము గనుక, అది ఎచ్చట ఆగిపోవునో చెప్పు బాధ్యతయు మాదే. ఆగిన చోటినుండి ఆ ఆరోగ్యవార్తను అందుకొని ముందునకు కొనిపోగలవారెవరు? ఈ ప్రశ్నకు లోకమున లభించిన సమాధానములలో ఒకటి, బధిరులు ఆరాధనకై ఒకచోట కూడు సమాజములు. ఆ సమాధానమునకు గల బలమును, దానిలోని చిక్కులను నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

వినగలవాడు ఆరోగ్యజ్ఞానమును బడిలో నేర్చినది స్వల్పము. చెవినిబడి తెలిసికొన్నది హెచ్చు. మేనత్తకు చక్కెరవ్యాధి ముదిరి కాలివ్రేలు తీసివేసిరని పెద్దలు చెప్పుకొనుచుండగా, పక్కన గోళీలాడు పిల్లవాడు వినును. ఎవరికో ఛాతీనొప్పి ఎడమచేతికి ప్రాకెననియు, ఆసుపత్రికి చేరుటలో ఆలస్యమైనందున దక్కలేదనియు బస్సులో ఇరువురు అనుకొనగా వినును. ఎవరును అతనికి పాఠము చెప్పలేదు, అయినను తెలిసినది. బధిరునికి ఈ దారి మూసికొనిపోయినది. బధిర శిశువులలో నూటికి 90 మందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుట్టుదురు. ఆ తల్లిదండ్రులలో పెక్కుమందికి సైగల భాష రాదు. అన్నము, నీళ్లు, రమ్ము, పొమ్ము అను నాలుగు ఇంటి సైగలతోనే ఏండ్లు గడచిపోవును. తాత ఏ జబ్బుతో పోయెనో, తల్లికి రక్తపోటు కలదో లేదో నలుబది యేండ్ల కొడుకునకు తెలియకుండుట అరుదు కాదు. మీ వంశమున ఈ వ్యాధి కలదాయని వైద్యుడు వ్రాసి చూపగా, అతడు లేదని తల అడ్డముగా త్రిప్పును. లేక కాదు, తెలియక.

ఈ లోటు ఎంతటిదో 2006లో ప్రకటితమైన ఒక పరిశోధన తేటపరచినది. అమెరికాలోని షికాగో నగరమున సైగల భాషను వాడు సుమారు 200 మంది బధిరులను వారి భాషలోనే ప్రశ్నించిరి. గుండెపోటు లక్షణములలో ఒక్కదానినైనను చెప్పలేకపోయినవారు నూటికి 40 మంది. పక్షవాతపు లక్షణములలో ఒక్కదానినైనను చెప్పలేకపోయినవారు నూటికి 60 మందికి పైగా. వీరు తెలివి తక్కువవారు కారు. పెద్ద ఆసుపత్రులు గల మహానగరమున నివసించుచున్నవారే. ఆ వార్త వారికి ఏ దారినైనను రాకపోవుటయే కారణము. గుండెపోటున గడచు ప్రతి నిమిషమును ప్రాణముతో ముడిపడినదని తెలిసినవారికి, ఈ అంకెలు కేవలము విద్యకు సంబంధించినవిగా తోపవు.

దీనికి వినగలవారు సాధారణముగా మూడు ఉపాయములు చెప్పుదురు. మొదటిది కరపత్రము. అచ్చువేసి చేతికిచ్చిన చదువుకొనరాదా యని. మనము తెలుగును మొదట విని, పిమ్మట చదివినాము. మనకు అక్షరము విన్న మాటకు గుర్తు. ఎన్నడును మాట వినని వానికి అక్షరము దేనికి గుర్తు? అతడు ప్రతి పదమును అన్యభాషా పదమువలెనే కంటితో నేర్వవలెను. పాండిత్యము సంపాదించిన బధిరులు కలరు. కాని తగిన బడి దొరకనివారే మన దేశమున హెచ్చు. 'పోటు' అనగా కత్తిపోటని నేర్చినవాడు కరపత్రమున 'రక్తపోటు' అను మాటను చూచి నెత్తురు కారు గాయమని తలచిన, తప్పు అతనిది కాదు. ఇట్టి పొరపాటే వేరొక చోట మరింత కీడు చేసినది. రక్తపరీక్షలో 'పాజిటివ్' అని వచ్చినచో, ఆ ఆంగ్లపదమునకు 'మంచి' అను అర్థము మాత్రమే తెలిసిన బధిరులు తమకు వ్యాధి లేదని భావించుట హెచ్.ఐ.వి. బోధకులు అమెరికాలో గమనించిన పొరపాట్లలో ఒకటి.

రెండవది పెదవుల కదలిక. పాఠకులు అద్దము ముందు నిలిచి, గొంతు విప్పక, పాట, బాట, మాట అను మూడు మాటలను పలికి చూతురుగాక. మూడింటికిని పెదవులు ఒకే తీరున కలిసి విడివడును. వైద్యుడు 'మాత్ర' అన్నను 'పాత్ర' అన్నను చూచువానికి భేదము కనబడదు. క, గ అను అక్షరములు నోటి వెనుకభాగమున పుట్టునవి. అవి పెదవులమీదికి రానే రావు. ఎంతటి నేర్పరియైనను పెదవులు చూచి కొంత గ్రహించి, తక్కినది ఊహింపవలసినదే. ఆటలోను ముచ్చటలోను ఊహ తప్పిన నష్టము లేదు. మందు మోతాదులో తప్పరాదు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి అందరి నోళ్లకు మాస్కులు వచ్చినప్పుడు, ఆ కొలదిపాటి ఆధారము సైతము పోయినది.

మూడవది ఇంటివారి సాయము. అన్నయో కుమార్తెయో ఆసుపత్రికి వెంటబోయి చెప్పుదురని. వైద్యుడు అయిదు నిమిషములు వివరించినదానిని అన్నగారు ఒక్క సైగలో ముగించును: మందు మ్రింగుము. ఎందులకు, ఎన్నాళ్లు, మానినచో ఏమగును అనునవి అన్నగారివద్దనే నిలిచిపోవును. ఒక స్త్రీ తన గర్భాశయ వ్యాధిని పదునాలుగేండ్ల కుమారుని ద్వారా వైద్యునికి చెప్పుకొనవలసివచ్చినచో, ఆమె చెప్పుకొనునా? చెప్పక ఊరకుండును. వ్యాధి ఊరకుండదు.

కావున వార్త వారి భాషలోనే పోవలెను. ఆ భాష సైగల భాష. అది మూగాభినయము కాదు. తెలుగునకు చేతిరూపమును కాదు. దానికి తన పదములు, తన వ్యాకరణము కలవు. కనుబొమలు ఎత్తుట ప్రశ్నయగును. చేయి కదలు దిక్కును బట్టి ఎవరు ఎవరికి ఇచ్చిరో తెలియును. 1880లో ఇటలీలోని మిలాను నగరమున కూడిన విద్యావేత్తల సభ, బధిర బాలురకు నోటిమాటనే నేర్పవలెనని, సైగలు కూడవని తీర్మానించినది. ఆ తీర్మానము పెక్కు దేశముల బడులలో పిల్లల చేతులను కట్టివేసినది. అమెరికాలో విలియం స్టోకీ అను ఆచార్యుడు 1960లో సైగలను శాస్త్రీయముగా విడదీసి, అది సంపూర్ణమైన భాషయని నిరూపించెను. మిలాను తీర్మానములను విద్యావేత్తల అంతర్జాతీయ సభ 2010లో వాంకూవరు నగరమున త్రోసిపుచ్చినది. అనగా 130 సంవత్సరములు పట్టినది.

బడి వెలివేసిన ఆ కాలమున, చేతుల భాష నిలిచిన చోట్లు ఏవి? ఒకటి బధిరుల సంఘములు. రెండవది వారి ప్రార్థనాలయములు. ఈ సంబంధము మిలాను సభకంటెను పురాతనమైనది. ప్యారిసు నగరమున ఆబె ద లెపే అను మతగురువు (1712-1789) ఇరువురు బధిర సోదరీమణులకు మతబోధ చేయగోరి, వారి సైగలనే ఆధారముగా గొని, 1760 ప్రాంతమున పాఠశాల నెలకొల్పెను. పేదలకు అందు ఉచితముగా చదువు చెప్పెను. అమెరికాలో థామస్ హాప్కిన్స్ గాలొడెట్ అను మతాచార్యుడు, తన పొరుగున నున్న వైద్యుని కుమార్తె జ్వరమువలన వినికిడి కోల్పోగా, ఆమెకు చదువు చెప్పు మార్గమును వెదకుచు ఐరోపాకు పోయి, ప్యారిసు పాఠశాలలో చదివి అచ్చటనే బోధించుచున్న లోరాఁ క్లేర్ అను బధిర ఉపాధ్యాయుని వెంట తెచ్చెను. 1817లో హార్ట్‌ఫర్డు నగరమున వారి పాఠశాల తెరువబడినది. గాలొడెట్ కుమారుడు 1852లో న్యూయార్కునందు బధిరులకొరకు సెయింట్ ఆన్స్ అను చర్చిని స్థాపించెను. పిమ్మట వృద్ధులు, రోగులు అగు బధిరులకు ఒక ఆశ్రమమును ఏర్పరచెను. 1883లో హెన్రీ వింటర్ సైల్ అను బధిరుడు అమెరికాలోని ఎపిస్కోపల్ సంప్రదాయమున గురుపదవి నందెను. అంతవరకు బోధను పుచ్చుకొనుచుండిన సమాజమునుండి బోధకుడు పుట్టెను.

ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున బధిరుల మధ్య పనిచేసిన మిషనరుల దినచర్యను చూచినచో, మన ప్రశ్నకు సగము సమాధానము లభించును. వారు ఆదివారమున ప్రార్థన నడుపుదురు. సోమవారమున ఒకనికి పని ఇప్పింప యజమాని వద్దకు పోవుదురు. మంగళవారమున మరియొకనితో న్యాయస్థానమునకో, రోగితో ఆసుపత్రికో పోయి, ఇరువురి మధ్య నిలిచి సైగలను మాటలుగను, మాటలను సైగలుగను మార్చుదురు. ఆరోగ్యవార్తను చేర్చుట ఆ సమాజములకు క్రొత్తగా నేర్పిన పని కాదు. మొదటినుండియు చేయుచు వచ్చినదే.

ఈ మార్గము ఆఫ్రికా ఖండమునకు ప్రాకిన కథ మరింత ఆసక్తికరమైనది. ఆండ్రూ ఫాస్టర్ 1925లో అలబామా రాష్ట్రమున ఒక నీగ్రో కుటుంబమున జన్మించెను. నేటివారు ఆఫ్రికన్ అమెరికన్ అని గౌరవముగా చెప్పుదురు. పదునొకండవ యేట మెదడు పొరల వాపు వ్యాధియగు మెనింజైటిస్ సోకి, అతడును అతని సోదరుడును బధిరులైరి. వాషింగ్టనులోని గాలొడెట్ కళాశాలనుండి 1954లో పట్టము పొంది, ఆ గౌరవము నందిన తొలి నల్లజాతీయుడయ్యెను. 1956లో ఆఫ్రికా బధిరులకై ఒక మిషనును స్థాపించి, 1957లో ఘనా దేశపు రాజధాని అక్రాలో తొలి పాఠశాలను తెరచెను. 1987లో రువాండాలో విమాన ప్రమాదమున మరణించునాటికి 13 దేశములలో 30కి పైగా పాఠశాలలను నెలకొల్పెను. పలుచోట్ల బడియు, ఆదివారపు ప్రార్థనయు ఒకే కప్పు క్రింద సాగెను. ఆ బడులలో చదివినవారే తరువాత ఉపాధ్యాయులు, సంఘనాయకులు అయిరి. ఇందు ఒక లోపమును చెప్పవలసియున్నది. ఫాస్టర్ తాను నేర్చిన అమెరికా సైగలనే అచ్చట ప్రవేశపెట్టెను. ఆయా దేశములలోని సొంత సైగలు కొంత వెనుకబడెను. వార్త కొనిపోవువాడు భాషను కూడ వెంట తెచ్చుట కంటె, అచ్చటి భాషను నేర్చుకొనుట మేలు.

ప్రార్థనా సమాజము ఆరోగ్యబోధకు ఏల తగును? దీనికి నాలుగు కారణములు కానవచ్చుచున్నవి. ఊరిలో బధిరులు విడివిడిగా చెదరియుందురు. ఒక వీధిలో ఒకడు, పది వీధుల కావల మరియొకడు. వారమున కొకమారు వారు తామై కూడు చోటు అదొకటి. రెండవది, అచ్చట వారు అల్పసంఖ్యాకులు కారు. అందరి చేతులును మాటలాడును. మూడవది, ఒక్క పాఠముతో ఏదియు నిలువదు. అచ్చట వచ్చు వారము మరల చెప్పవచ్చును, మరచినవాడు మరల అడుగవచ్చును. నాలుగవది నమ్మకము. ఆసుపత్రులలో పలుమారులు అవమానపడినవాడు తెల్లకోటును చూచి జంకును. తన వివాహమునకు, తన తండ్రి అంత్యక్రియలకు వచ్చి పక్కన నిలిచినవానిని చూచి జంకడు. వినగలవారి మధ్యనే ఈ సూత్రము ఫలించినది. అమెరికాలో నల్లజాతివారి చర్చిలలో రక్తపోటును చూచుట, పొగత్రాగుడు మాన్పించుట మొదలగు పనులు బాల్టిమోరు వంటి నగరములలో దశాబ్దములుగా జరిగినవి. చెవిగలవారికే చోటును బట్టి, చెప్పువానిని బట్టి వార్త ఎక్కుచుండగా, బధిరుల మాట చెప్పనేల?

అట్టి సమాజమున ఒక సాయంకాలపు పాఠము ఎట్లు నడువవలెనో చెప్పుదుము. రక్తపోటే విషయమనుకొందము. కుర్చీలు వరుసలుగా కాక అర్ధచంద్రాకారముగా వేయవలెను. ఏలయన ప్రశ్న అడుగువాని చేతులు అందరికి కనబడవలెను. వెలుతురు బోధకుని ముఖముమీద పడవలెను. కిటికీకి వీపు పెట్టి నిలిచినచో ముఖము చీకటియగును, ముఖము చీకటియైనచో భాష సగము పోవును. బొమ్మ చూపునప్పుడు సైగ ఆపవలెను. సైగ చేయునప్పుడు బొమ్మ పక్కన పెట్టవలెను. రెండు కన్నులు ఒకేమారు రెండు చోట్ల చూడలేవు. బోధకుడు పిడికిలి ముడిచి విప్పుచు గుండెను చూపును. ముంజేతి పొడవునా వ్రేలు జరిపి నాళమును చూపును. ఆ నాళము ఇరుకైనచో పిడికిలి ఎంత బిగింపవలసివచ్చునో తన ముఖమునందే చూపును. అప్పుడు 'పోటు' అను మాటతో పని లేదు. ఉప్పు తగ్గింపవలెనని ఊరక చెప్పక, ఆవకాయ, అప్పడము, వడియము, ఎండుచేప ఒక్కొక్కటి తెచ్చి బల్లమీద పెట్టవలెను. ఒంట్లో బాగుగ నున్నదని మాత్ర మానరాదు అనునది అన్నిటికంటె ముఖ్యము. అది రెండుమారులు చెప్పవలెను. అరగంటకు విరామ మీయవలెను. చెవి అలయకపోవచ్చును గాని కన్ను అలయును.

ఇక కడపటి మెట్టు. అర్థమైనదా యని అడుగరాదు. బధిరుడు జీవితమంతయు వినగలవారి ముందు తలయూపి తప్పించుకొనుట నేర్చియున్నాడు. తలయూపు అంగీకారము కాదు, మర్యాద. కావున, 'ఇంటికి పోయి నీ భార్యకు దీనిని ఎట్లు చెప్పుదువో నాకు చూపుము' అని అడుగవలెను. అతని చేతులు చూపినదే అతనికి తెలిసినది. తప్పిన చోట మరల చెప్పవలెను.

ఆ బోధకుడు ఎవరై యుండవలెను? తర్ఫీదు పొందిన బధిరుడే యైనచో మేలు. 2004లో న్యూయార్కు రాష్ట్రపు రోచెస్టరు నగరమున బధిరుల ఆరోగ్య పరిశోధనకై విశ్వవిద్యాలయమున ఒక కేంద్రము ఏర్పడినది. 2008లో ఆ కేంద్రము జరిపిన సర్వేలో ప్రశ్నలు కాగితముపై గాక, కంప్యూటరు తెరమీద సైగలలో కనబడినవి. బధిరులు ఆ పనిలో భాగస్వాములైరి. స్థూలకాయము, దాంపత్యమున హింస, ఆత్మహత్యా ప్రయత్నములు అను మూడు బాధలు వారిలో హెచ్చుగా నున్నట్లు అందు తేలినది. టెలిఫోనులో అడుగు సాధారణ సర్వేలు వీరిని చేరజాలవు. సాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ క్యాన్సరు కేంద్రమువారు పలు క్యాన్సరులను గూర్చి సైగల భాషలో చలనచిత్రములను తయారుచేసి, అవి చూచినవారి జ్ఞానము పెరిగినట్లు గమనించిరి. వైద్యము వైద్యునిది, భాష బధిరునిది, ఇరువురు కలిసినప్పుడే పాఠము పుట్టినది.

ఇంతవరకు మేలు చెప్పితిమి. చిక్కులను దాచుట న్యాయము కాదు. బధిర సమాజము చిన్నది. అందరికిని అందరును తెలిసినవారే. ఒకని వ్యాధి ఒక పూటలో అందరి చేతులకు ఎక్కును. కావున సమాజమున చెప్పవలసినది పాఠము మాత్రమే; పరీక్ష, ఫలితము, చికిత్స వైద్యాలయమున గోప్యముగ జరుగవలెను. ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున కెన్యాలోని నైరోబీలో బధిరులే సలహాదారులుగా గల హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రములను తెరచుటకు ఇదియు ఒక కారణమే. రెండవ చిక్కు, ప్రార్థనతో చెవులు వచ్చునని ఆశ చూపువారు. బధిరుని ఆరాధనాలయమునకు పిలిచి అతని చెవిమీద అద్భుతము చేయజూచిన చోట, అతడు మరల అడుగు పెట్టడు. పెట్టినను, చక్కెరవ్యాధి మందును గూడ ప్రార్థనకై మానివేయు ప్రమాదము కలదు. ప్రార్థన మనసునకు బలమీయవచ్చును. మాత్రకు బదులు కాజాలదు. మూడవది, ఒక మతమువారి మందిరమునకు వేరొక మతమువాడు రాడు. ఏ మందిరమునకును పోనివాడును కలడు. యౌవనమునకు, దాంపత్యమునకు సంబంధించిన వ్యాధులను అచ్చట ప్రస్తావించుటకు పెద్దలు ఒప్పుకొనకపోవచ్చును. కావున ఇది ఒక ద్వారము. ఒక్కటే ద్వారము కారాదు. బధిరుల సంఘములు, బడులు, ఆటస్థలములు తక్కిన ద్వారములు.

మన దేశమున ఈ పునాది లేకపోలేదు. 1885లో బొంబాయిలో బధిరుల పాఠశాలను నెలకొల్పినవారు క్యాథలిక్ బిషప్పు లియో మొయిరిన్. 1890 దశకమున తమిళదేశపు పాళయంకోటలో ఫ్లారెన్స్ స్వైన్సన్ అను మిషనరీ వనిత మరియొక పాఠశాలను ఆరంభించెను. కేరళలో మలప్పురము జిల్లా పులిక్కల్ గ్రామమున 2018లో తెరువబడిన మసీదున శుక్రవారపు ప్రసంగమును సైగలలో అందించు ఏర్పాటు చేసిరి. అదే రాష్ట్రపు త్రిశ్శూరులో 2024లో బధిర యువకు డొకడు క్యాథలిక్ గురువుగా అభిషిక్తుడయ్యెను. 2011 జనాభా లెక్కలలో వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైబడి నమోదైరి. హైదరాబాదునకు చెందిన రాజనీతిజ్ఞుడు అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో జాతీయ సంస్థ ఏర్పడినది. దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదులో కలదు. భారతీయ సైగల భాషా పరిశోధనకు, శిక్షణకు 2015లో ఢిల్లీలో ప్రత్యేక కేంద్రము వెలసినది. ఆ కేంద్రపు నిఘంటువు 2021నాటికి 10,000 పదములకు పెరిగినది. అందు వైద్యపదములును కలవు. వికలాంగుల హక్కులను గూర్చిన 2016 నాటి శాసనమును కలదు. కావున పనిముట్లు సిద్ధముగనే యున్నవి. వానిని చేతబట్టి వారమువారము కూర్చుండువారు కావలెను.

హిందూ దేవాలయమున వారమునకొక సమాజము కూడుట అన్నిచోట్ల వాడుక కాదు. కాని భజన మందిరములు కలవు, జాతరలు కలవు, పండ్రెండేండ్లకు వచ్చు పుష్కరములు కలవు. త్రాగునీరు ఎచ్చట మంచిదో, వైద్యశిబిరము ఎచ్చట నున్నదో, తప్పిపోయిన బిడ్డ ఎచ్చట కూర్చుండియున్నదో అచ్చట అంతయు లౌడుస్పీకరే చెప్పును. ఆ జనసముద్రమున బధిరుడు ఒంటరి. శిబిరమునకు ఎత్తైన చిత్రఫలకము కట్టి, సైగలు తెలిసిన ఒక బధిర యువకుని అచ్చట కూర్చుండబెట్టుట పెద్ద వ్యయము కాదు.

మరియొక చిన్న సంగతి. తెలుగునాట 2005 నుండి 108 అను అంకె ఎల్లరకు కంఠస్థము. అర్ధరాత్రి భార్యకు ఛాతీనొప్పి వచ్చినచో బధిరుడైన భర్త ఆ అంకెను నొక్కగలడు. పిమ్మట ఏమని చెప్పును? ఆ రాత్రి వచ్చువరకు ఆగక, ముందే ఏర్పాటు చేసికొనవలెను. ఏ పొరుగింటి తలుపు తట్టవలెనో నిశ్చయించుకొని, ఆ యింటివారి మాట తీసికొనవలెను. ఇంటి గుర్తులు, ఉన్న జబ్బులు, వాడు మందులు వ్రాసిన అట్టముక్క గోడకు తగిలింపవలెను. ఒక ప్రార్థనా సమాజము ఒక్క సాయంకాలమున తన సభ్యులందరిచే ఈ అట్టముక్కలు వ్రాయింపగలదు. రేడియో దీనిని చెప్పగలదే గాని చేయింపలేదు.

అయినను రేడియో గల ఇండ్లవారు చేయదగినది కొంత కలదు. మీ యింట, మీ బంధువులలో, మీ వీధిలో బధిరు డొకడు ఉండవచ్చును. మా ప్రసంగమును మీరు వినినది అతనికి చేరునా చేరదా అనునది మా చేతిలో లేదు. మీ చేతులలో, అక్షరాలా మీ చేతులలోనే యున్నది. నాలుగు ఇంటి సైగలతో నిలిచిపోక, నలుబది నేర్వుడు. అతడే మీకు గురువగును. మీరు పోవు గుడిలోగాని, మసీదులోగాని, చర్చిలోగాని సైగలు తెలిసినవా రొకరు నిలుచుటకు వెలుతురుగల చోటు చూపుడు. అతనిని వైద్యునివద్దకు కొనిపోయినప్పుడు వైద్యుని అయిదు నిమిషములను అయిదు నిమిషములుగానే అతనికి అందింపుడు. రేడియో కట్టివేసిన పిమ్మట అతడు మీ ముఖము చూచి, ఏమి చెప్పిరని అడుగును. తరువాత అనక, అప్పుడే చెప్పుడు.